నాహాలో మూడడుగులు

జనవరి 19, ఆదివారం: నాహా

సంక్రాంతికి వండిన అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే గుంటూరు నుంచి జపాన్‌లోని ఒకినావా దీవికి బయలుదేరాం. మొత్తం ఐదుగురం. మాస్టారు, బ్యాంకులో పనిచేసే అన్నయ్య, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న కుర్రాడు, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న చెల్లి, నేను. మా క్లబ్బుకు సొంత గది లేదు. పాఠశాల ఆవరణలో రావిచెట్టు కింద, సాయంత్రం ఆరింటికి సాధన. మాస్టారు అక్కడ 30 ఏళ్లుగా గోజు-ర్యు అనే శాఖ కరాటే నేర్పుతున్నారు. తొమ్మిదేళ్ల కిందట నేను మా అమ్మాయిని దింపి గోడ పక్కన కూర్చునేదాన్ని. "కూర్చునే ఆ గంట నిలబడకూడదా అమ్మా?" అని ఒక సాయంత్రం ఆయన అడిగారు. అమ్మాయి పై చదువుకు వెళ్లిపోయింది, నేను ఇంకా నిలబడే ఉన్నాను.

అంతమందికి నేర్పిన మనిషి ఆ విద్య పుట్టిన ఊరిని ఇంతవరకూ చూడలేదు. మేం నలుగురం రెండేళ్లు చీటీ కట్టాం. మీ ఖర్చు కూడా మాదేనని చెబితే వారం రోజులు సరిగా మాట్లాడలేదు. చివరికి సగం తాను పెట్టుకుంటానన్నాకే ఒప్పుకున్నారు. అన్నీ కలిపి మనిషికి లక్షా 40 వేల రూపాయల దాకా అయింది.

ఒకినావా 1879 దాకా ర్యూక్యూ అనే వేరే రాజ్యం. దాని ముఖ్యపట్టణం నాహాలో దిగిన గంటలోనే ఆ తేడా కనిపించింది. ఎర్ర పెంకుల కప్పులు, గుమ్మానికి అటూ ఇటూ మట్టి సింహాలు. వాటిని షీసా అంటారు. జంటలో ఒకటి నోరు తెరిచి, రెండోది మూసి ఉంటుంది. ఊరి మీదుగా వెళ్లే మోనోరైలులో ఒక్కో స్టేషన్‌కు ఒక్కో జానపద బాణీ వినిపిస్తారు. నర్సు చెల్లి రెండు రోజుల్లోనే పాట విని ఏ స్టేషనో చెప్పేసేది.

రాత్రి భోజనం ఒక చిన్న హోటల్లో. పేరుకు ఒకినావా సోబా, కానీ జపాన్ సోబాలా బక్‌వీట్‌తో కాదు, గోధుమపిండితో చేసిన నూడుల్స్. పంది ఎముకలు, ఎండబెట్టిన చేప కలిపి కాచిన చారులో వేసిస్తారు. గిన్నె 800 యెన్లు, మన లెక్కలో 440 రూపాయలు. బల్ల మీద చిన్న సీసాలో ఎర్రటి మిరపకాయలు కనబడగానే గుంటూరువాళ్లందరి చేతులూ అటు వెళ్లాయి. దాని పేరు కోరేగుసు. ఈ దీవిలో పండే బుల్లి మిరపకాయల్ని ఇక్కడి బియ్యం సారాయిలో ఊరవేస్తారు. రెండు చుక్కలకే చారు రుచి మారిపోయింది. సారాయి అని తెలిశాక అన్నయ్య సీసాను నెమ్మదిగా దూరం జరిపాడు. ఆయన శుద్ధ శాకాహారి. అన్నం, సముద్రపు నాచు, వేరుశనగ పాలతో చేసిన జీమామి టోఫు తెప్పించుకున్నాడు. వేరుశనగ పచ్చడి తిని పెరిగినవాడికి ఆ ముద్ద నోట్లో పడగానే ముఖం విప్పారింది. ఆ తరవాత రోజూ అదే వెతుక్కున్నాం.

బయటకు వస్తుంటే గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన "హాయ్‌సాయ్" అని పలకరించాడు. చెల్లి కూడా "హాయ్‌సాయ్" అంది. ఆయన నవ్వి, మగవాళ్లు హాయ్‌సాయ్ అంటారనీ, ఆడవాళ్లు హాయ్‌తాయ్ అనాలనీ చేతులతో చెప్పాడు. మేమిద్దరం వెంటనే దిద్దుకున్నాం.

జనవరి 20, సోమవారం: మొదటి తరగతి

డోజో, అంటే కరాటే సాధనశాల, పెద్ద భవనంలో ఉంటుందని ఊహించుకున్నాను. సందు చివర రెండంతస్తుల ఇల్లు. కింద డోజో, పైన సెన్సేయి, అంటే అక్కడి గురువుగారి కాపురం. వాకిట్లో మందార మొక్క. చెప్పులు విడిచి, గడప దగ్గర వంగి నమస్కరించి లోపలికి వెళ్లాం. ఆరు రోజుల శిక్షణకు తలా 12,000 యెన్లు. డబ్బు అలాగే చేతికివ్వకూడదనీ, కవరులో పెట్టి రెండు చేతులతో అందించాలనీ మాస్టారు ముందే చెప్పి ఉంచారు.

సెన్సేయికి డెబ్బై దాటాయి. మనిషి పొట్టి, ముంజేతులు మాత్రం చేవదేరిన తుమ్మ కొమ్మల్లా ఉన్నాయి. ఇక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పే ఒక శిష్యురాలు ఆయన మాటల్ని మాకు అందించింది.

గోడ వెంట వరసగా ఉన్న సరంజామా చూసి నేను ఆగిపోయాను. కర్రకు రాతి దిమ్మ తొడిగిన చీయిషి. రాతి తాళంకప్పలాంటి ఇషిసాషి. మూతి పట్టుకుని మోయడానికి ఇసుక పోసిన జాడీలు, నిగిరిగామె. గడ్డితాడు చుట్టిన మకివారా పలక. మా తాతగారి ఊళ్లో తాలింఖానా ఉండేది. గదలు తిప్పేవారు, రాతిగుండ్లు ఎత్తేవారు, దండీలు, బస్కీలు తీసేవారు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు గురించి తాత చెప్పిన కథలన్నీ అక్కడివే. సముద్రాల అవతల ఈ గదిలో అడుగుపెట్టగానే ఆ తాలింఖానా చెమట వాసన గుర్తొచ్చింది.

తరగతికి ముందు నేల తుడవాలి. తడిగుడ్డ రెండు చేతుల కింద పెట్టి, నడుము వంచి, గది ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతూ తుడవడం ఇక్కడి పద్ధతి. మేం గుడ్డల కోసం చూసేలోపే మాస్టారు ఒకటి తడిపి పరుగు మొదలుపెట్టారు. ఆయనకు 58 ఏళ్లు. రావిచెట్టు కింద మేం ఆయన్ను నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మమ్మల్ని చూస్తుండగానే ఎరుగుదుం. అలా వంగి పరుగెత్తగా చూడటం అదే మొదటిసారి.

రెండు గంటల తరగతిలో ఒకే ఒక్క కటా (ఒక వరసలో చేసే కదలికల కూర్పు), సాంచిన్. మూడు యుద్ధాలు అని దాని అర్థం. చూడటానికి ఏమీ ఉండదు. మూడడుగులు ముందుకు, నెమ్మదిగా గుద్దులు, మళ్లీ వెనక్కి. శ్వాస, ఒడలు, మనసు ఒక్కటిగా కదలాలి. పిల్లలకు దీని మీద మోజుండదు, తన్నులు లేవు కాబట్టి. మా కుర్రాడికి కూడా అంతే. పోటీల్లో పతకాలు తెచ్చినవాడు, ఇంకేవో పెద్ద కటాలు చూపిస్తారని ఎదురుచూస్తున్నాడు.

సెన్సేయి మాలో ఒక్కొక్కరినీ చూస్తూ మాస్టారి దగ్గర ఆగారు. చాలాసేపు పాదాలకేసి చూశారు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మాస్టారి వెనుక పాదం పట్టుకున్నారు.

మాస్టారు ఉలిక్కిపడి పాదం వెనక్కి లాక్కున్నారు. పెద్దాయన, పైగా గురువు, తన కాలు పట్టుకోవడమేమిటి? వంగి సెన్సేయి చేతులు తాకి కళ్లకద్దుకున్నారు. సెన్సేయికి అది అర్థం కాలేదు. శిష్యురాలికీ అర్థం కాలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా నలుగురికే అర్థమైంది. సెన్సేయి మళ్లీ అదే పాదం పట్టుకుని, బయటికి తిరిగి ఉన్న వేళ్లను నేరుగా ముందుకు తిప్పారు. ఒక వెదురు పుల్ల తెచ్చి నేల మీద అడ్డంగా పెట్టారు. ముందు పాదం మడమ, వెనుక పాదం బొటనవేలు ఆ పుల్లను తాకాలి. మాస్టారి ముందు పాదం పుల్లకు జానెడు దూరంలో ఉంది.

"హై" (సరే) అన్నారు మాస్టారు. పాదం జరిపారు. మళ్లీ మొదటి నుంచి. ఇంకోసారి పుల్ల. ఇంకోసారి "హై". పదకొండుసార్లు. నేను లెక్కపెట్టాను.

బసకు తిరిగి వెళ్తుంటే కుర్రాడికి ఉక్రోషం ఆగలేదు. "అందరి ముందూ మిమ్మల్ని అలా నిలబెడతారా మాస్టారూ?" అన్నాడు. మాస్టారు నడుస్తూనే, "ఎవరూ లేని చోట దిద్దితే మీకెలా తెలిసేదిరా? మీ అందరి పాదాలూ నా పాదంలాగే ఉన్నాయి కదా" అన్నారు. ఆ రాత్రి మా గదుల ముందు వసారాలో చాలాసేపు అడుగుల చప్పుడు వినిపించింది.

జనవరి 21, మంగళవారం: జాడీ

తరగతికి ముందు సెన్సేయి భార్యకు అరిసెల డబ్బా ఇచ్చాం. ఆవిడ ఒకటి విరిచి, వాసన చూసి, శిష్యురాలితో గబగబా ఏదో అన్నారు. లోపలికి వెళ్లి చిన్న గిన్నెలో నల్లటి ముక్కలు తెచ్చారు. నోట్లో వేసుకుంటే బెల్లం! కొకుతో అంటారట. ఈ దీవుల్లో చెరుకు పండిస్తారు, రసం కాచి ఇలా గడ్డకట్టిస్తారు. ఇంటికి వచ్చినవారికి మల్లెపూల పరిమళం పట్టించిన సాన్‌పిన్ టీతో పాటు ఒక ముక్క పెట్టడం ఇక్కడి మర్యాద. మన పల్లెల్లోనూ ఎండన పడి వచ్చినవారికి బెల్లం ముక్క, మంచినీళ్లు ఇచ్చేవారు కదా. ఆవిడా నేనూ ఒకరి భాష ఒకరికి రాకుండానే బెల్లం గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఆ రోజే పొరపాటు జరిగింది. నిగిరిగామె మూతిని అయిదు వేళ్లతో పైనుంచి పట్టుకుని, చేతికొకటి చొప్పున మోస్తూ సాంచిన్ అడుగులు వేయాలి. జాడీకి పిడి ఉండదు. వేళ్ల కొసల బలమే ఆధారం. నాలుగో వరస తిరిగేసరికి అరచేయి చెమటపట్టింది. కుడిచేతి జాడీ జారింది. నేల మీద పడి మూతి పెచ్చులూడి, నిలువునా బీటవారింది. ఇసుక కాళ్ల చుట్టూ పరుచుకుంది.

సెన్సేయి "దైజోబు" (ఫర్వాలేదు) అని, చీపురు తెచ్చి తనే ఊడవబోయారు. నేను లాక్కున్నంత పని చేసి ఊడ్చాను. ఆ జాడీ ఆయన గురువుగారి కాలం నాటిదని తరవాత తెలిసింది. అన్నం సహించలేదు.

జనవరి 22, బుధవారం: త్సుబొయా, దారి తప్పిన వేళ

ఉదయం ఖాళీ. అలాంటి జాడీయే కొనివ్వాలని నేనూ చెల్లీ బయలుదేరాం. ముందు రోజు బీటవారిన జాడీ మూతిని దారంతో కొలిచి ముడివేసి ఉంచుకున్నాను. మకిషి స్టేషన్ దగ్గర దిగితే కుమ్మరుల పేట త్సుబొయా దగ్గరే. 1682లో ర్యూక్యూ రాజ్యం వేర్వేరు చోట్ల ఉన్న కుమ్మరి బట్టీలను ఇక్కడికి చేర్చింది. 1970లలో పొగ ఊరికి ఇబ్బందని కట్టెల బట్టీలు యొమితాన్ గ్రామం వైపు తరలిపోయాయి. వీధి మాత్రం ఇంకా మట్టిపాత్రలదే.

దగ్గరే అనుకున్నది గంటన్నర పట్టింది. సందులో సందు, మెట్లు, మళ్లీ సందు. ఒక మూడుదారుల మలుపు దగ్గరకు మూడోసారి వచ్చామని ఒక రాయి వల్ల తెలిసింది. ఎదురు గోడ కింద మూడక్షరాలు చెక్కిన చిన్న రాయి. అలాంటివి ఊరంతా కనిపిస్తూనే ఉన్నాయి. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒక అవ్వ మమ్మల్ని మూడుసార్లూ చూసినట్టుంది, కిందికి దిగి వచ్చింది. రాయి వైపు చూపించి ఏమిటని అడిగాను. ఫోనులోని అనువాదం సగం, ఆవిడ చేతులు సగం: చెడుగాలి నేరుగానే పోతుంది, మలుపు తిరగలేదు. వీధి వచ్చి ఇంటికి తగిలే చోట ఈ ఇషిగంతో రాయి పెడితే దానికి కొట్టుకుని ఆగిపోతుంది.

వీధిపోటు! మా పుట్టింటికి ఎదురుగా వీధి వచ్చి తగులుతుందని నాన్న గోడలో వినాయకుణ్ని పెట్టించారు. ఆ బొమ్మ ఫోటో ఫోనులో ఉంటే చూపించాను. అవ్వ దాన్ని చూసి, రాయిని చూసి, నా భుజం తట్టింది. ఆరేయాల్సిన బట్టలు బకెట్లోనే వదిలేసి మమ్మల్ని కుమ్మరి వీధిదాకా తీసుకెళ్లింది. దారిలో ఒక మాట నేర్పింది: "ఇచారిబా చోదే." ఒకసారి కలిస్తే అన్నదమ్ములే అని.

దుకాణాల్లో అన్నీ షీసాలు, టీ గిన్నెలు. జాడీలున్నాయి గానీ మూతులు సన్నం. అవ్వే ఆరో దుకాణంలో గట్టిగా అడిగింది. దుకాణదారు వెనక గదిలోకి వెళ్లి, మెరుగు పూయని ఎర్రమట్టి జాడీ తెచ్చాడు. దారం చుట్టి చూశాను. ముడి సరిగ్గా ముడి మీద పడింది. 9,500 యెన్లు, అయిదు వేల పైమాట. ఇక్కడ బేరం ఆడరు. డబ్బు బల్ల మీది చిన్న పళ్లెంలో పెట్టాలి, చిల్లర కూడా అందులోనే వస్తుంది. అవ్వకు నా సంచీలోని రెండు అరిసెలు ఇచ్చాను. అంతకంటే ఏమీ పుచ్చుకోలేదు.

సాయంత్రం సెన్సేయి కొత్త జాడీని నేల మీద పెట్టి, పాత ఇసుక తెచ్చారు. నా దోసిట్లో పోసి, నన్నే అందులో పోయమన్నారు. తరవాత చెల్లి, అన్నయ్య, కుర్రాడు, మాస్టారు తలో దోసెడు. బీటవారిన జాడీని పారేయలేదు. వెళ్లేటప్పుడు చూశాను, వాకిట్లో మందార పక్కన ఉంది.

జనవరి 23, గురువారం: తొమిగుసుకు

ఊరి పక్కనే తొమిగుసుకులో 2017లో తెరిచిన ఒకినావా కరాటే కైకాన్‌కు వెళ్లాం. విశాలమైన సాధనశాలలు, ఒక ప్రదర్శనశాల. నన్ను ఆపిన విషయాలు రెండు. 1936 అక్టోబరు 25న నాహాలో గురువులంతా కూర్చుని, చీనా చేయి అనే అర్థంలో రాస్తున్న కరాటే పేరును ఖాళీ చేయి అనే అర్థం వచ్చే అక్షరాలతో రాయాలని అనుకున్నారు. ఇప్పుడు ఆ తేదీయే కరాటే దినం. రెండోది, కరాటే గురువు ఇతొసు అన్కో 1908లో విద్యాధికారులకు రాసిన పది సూత్రాల లేఖ. కరాటేను బడి పిల్లలకు చేర్చాలన్న తపన ఆయనది. బడి ఆవరణలో రావిచెట్టు కింద నేర్చుకున్నవాళ్లం కదా, అక్కడి నుంచి త్వరగా కదల్లేకపోయాం.

మన వైపు కరాటే అనగానే బోధిధర్ముడు తీసుకెళ్లాడని గర్వంగా చెబుతుంటాం. అన్నయ్య అదే అడిగితే, ఆ కథ తామూ విన్నామనీ, తమకు పేర్లతో సహా తెలిసింది చైనాలోని ఫుజౌ వెళ్లి నేర్చుకుని వచ్చిన తమ గురువుల వరకేననీ శిష్యురాలు మర్యాదగా చెప్పింది. నాకు ఆ జవాబు నచ్చింది. తెలిసినంత మేరకే చెప్పడం కూడా ఒక శిక్షణే.

మధ్యాహ్నం మకిషి బజారు. కింద చేప కొనుక్కుంటే, మేడ మీద హోటలువాళ్లు తలకింత అని కూలి తీసుకుని వండిపెడతారు. నెమలిపింఛం రంగు చేప ఒకటి చూసి కుర్రాడు అదే కావాలన్నాడు. పక్కన గోయా చంపురు, అంటే కాకరకాయ వేపుడు. మనం చింతపండో బెల్లమో వేసి చేదు చంపుతాం. వీళ్లు చేదును చేదుగానే ఉంచి, టోఫు, గుడ్డు, పంది మాంసం కలిపి వేపుతారు. మాంసం, గుడ్డు లేకుండా అన్నయ్యకు విడిగా చేసి ఇచ్చింది వంటావిడ. ఆ ఒక్క రోజు ఆయన కడుపునిండా తిన్నాడు.

జనవరి 24, శుక్రవారం: మత్సుయామా పార్కు

సెన్సేయి స్వయంగా తీసుకెళ్లారు. చెట్ల నీడలో హిగావొన్నా కన్ర్యో, మియాగి చోజున్‌ల స్మారకం. మొదటాయన (1853–1915) ఫుజౌ వెళ్లి నేర్చుకుని వచ్చి నాహాలో నేర్పారు. ఆయన శిష్యుడు మియాగి (1888–1953) ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. 1930లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చిన ఆయన పెద్ద శిష్యుడు షింజాతో జిన్‌అన్‌ను మీ శాఖ పేరేమిటని అడిగితే, చెప్పడానికి అప్పటికి పేరే లేదు. ఆ ప్రశ్న తరవాత వచ్చిందే గోజు అనే పేరు, అంటే కఠినం, మృదువు.

ఆ జిన్‌అన్ 1945లో యుద్ధంలో పోయారు. 1944 అక్టోబరు 10న జరిగిన ఒక్క రోజు వైమానిక దాడుల్లో నాహా దాదాపు తొంభై శాతం కాలిపోయింది. మనం నడిచిన వీధుల్లో చాలావరకు ఆ బూడిద మీద మళ్లీ కట్టినవే అన్నారు సెన్సేయి. రాయి ముందు మాస్టారు చేతులు జోడించి నిలబడ్డారు. మా ఇంట్లో పెద్దల తద్దినానికి నాన్న నిలబడినట్టే.

జనవరి 25, శనివారం: చివరి తరగతి

ఉదయం ర్యూక్యూ రాజుల షురి కోట. 2019 అక్టోబరు 31న కాలిపోయిన ప్రధాన భవనాన్ని మేం వెళ్లేసరికి మళ్లీ కడుతున్నారు. 2026 శరత్తుకు పూర్తిచేయాలని అప్పటి సంకల్పం. తిరిగి వస్తూ రాళ్లు పరిచిన వాలుదారిలో, జనవరిలోనే విచ్చిన ముదురు గులాబి చెర్రీ పూలు చూశాం.

సాయంత్రం మళ్లీ సాంచిన్. చివరి రోజున షిమే, అంటే పరీక్ష. కటా చేస్తుండగా సెన్సేయి వెనక నుంచి వచ్చి భుజాల మీద, తొడల మీద అరచేత్తో చరుస్తారు. ఒళ్లు కదలకూడదు, శ్వాస తెగకూడదు. నా భుజాల మీద రెండు దెబ్బలు పడ్డాయి. నొప్పి కాదు, ఆ చప్పుడుకు ఊపిరి ఆగబోయింది. పొత్తికడుపులోకి దించుకుని అడుగు వేశాను. పాదం ఎక్కడ పడిందో చూడకుండానే తెలిసింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి.

మాస్టారి వంతు వచ్చింది. గది మొత్తం నిశ్శబ్దం. సెన్సేయి చేతిలో వెదురు పుల్ల ఉంది. మొదటి అడుగు, రెండో అడుగు, మూడో అడుగు. సెన్సేయి వంగి పాదాలను చూశారు. పుల్లను నేల మీద పెట్టలేదు. గోడకు ఆనించి, పక్కవాళ్ల దగ్గరకు వెళ్లిపోయారు. కుర్రాడు నా పక్కనే ఉన్నాడు, వాడి కళ్లు తడిశాయి.

జనవరి 28, మంగళవారం: గుంటూరు

ప్రయాణపు అలసట తీరకముందే మాస్టారు తరగతి పెట్టారు. రావిచెట్టు కింద నలభై మంది పిల్లలు, గోడ పక్కన తల్లులు. మేం నలుగురం ఒకినావా బెల్లం ముక్కలు పంచాం. మాస్టారు మట్టిలో పుల్లతో ఒక గీత గీశారు. చేతులు వెనక్కి కట్టుకోలేదు.

"నేను 30 ఏళ్లుగా మీకూ, మీ ముందువాళ్లకూ సాంచిన్‌లో పాదం తప్పుగా చూపించాను. తప్పు మీది కాదు, నాది. ఈ రోజు నుంచి దిద్దుకుందాం" అన్నారు. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ముందు వరసలో అందరికంటే చిన్నది, తెల్లబెల్టు పిల్ల. మాస్టారు ఆ మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో దాని వెనుక పాదం పట్టుకున్నారు. పిల్ల బెదిరి కాలు లాక్కుంది.

"ఏమీ కాదమ్మా, పెట్టు" అన్నారు. పిల్ల మెల్లగా పాదాన్ని ఆయన చేతుల్లో పెట్టింది.